ప్లేయరులో పలకని పెళ్లి వీడియో

స్వదేశంలో జరిగిన పెళ్లికి వెళ్లలేకపోయిన కుటుంబానికి ఆ వేడుకను కన్నులారా చూసే అవకాశం వీడియో ద్వారానే లభిస్తుంది. బంధువులు ఎవరి చేతనో పంపిన పెన్ డ్రైవును టీవీ పక్కనున్న ప్లేయరుకు తగిలించగానే, ఈ ఫైలును చూపడం సాధ్యం కాదన్న సందేశం తెరపై ప్రత్యక్షం కావడం ప్రవాస గృహాలలో తరచు ఎదురయ్యే అనుభవమే. పంపినవారు తమ ఇంట్లో చక్కగా వచ్చిందంటారు. చూడబోయినవారు అది దారిలో పాడైపోయిందనుకుంటారు. ఆ నమ్మకంతో ఫైలును చెరిపివేసేవారూ లేకపోలేదు. అయితే ఇటువంటి సందర్భాలలో చాలావరకు ఫైలు క్షేమంగానే ఉంటుంది. దానిని చదవగల శక్తి ఆ ప్లేయరుకు లేకపోవడమే అసలు చిక్కు.

కవరు వేరు, ఉత్తరం వేరు

వీడియో ఫైలును తపాలా కవరుతో పోల్చవచ్చు. ఫైలు పేరు చివర కనిపించే ఎం.పి.4, ఎం.కె.వి., ఎ.వి.ఐ. వంటి అక్షరాలు కవరు రకాన్ని మాత్రమే తెలుపుతాయి. లోపల బొమ్మ ఒక ఉత్తరం, శబ్దం మరొక ఉత్తరం. అవి ఏ భాషలో రాయబడ్డాయో కవరును చూసి చెప్పలేము. ఈ భాషలకే కోడెక్‌లని పేరు.

ఇన్ని భాషలు ఎందుకు పుట్టాయో ఒక చిన్న లెక్క చెబుతుంది. అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలున్న బొమ్మలో ఒక్కొక్క చుక్క రంగుకు 24 బిట్లు కావాలి. సెకనుకు 25 బొమ్మల చొప్పున ఇది సెకనుకు సుమారు 124 కోట్ల బిట్లవుతుంది. ఇంతటి భారాన్ని కోటి బిట్లకు కుదించడం కోడెక్ పని. పెళ్లిపందిరిలో వెనుకనున్న తెర కదలదు, తలంబ్రాలు పోసే చేతులు కదులుతాయి. కనుక ప్రతి బొమ్మనూ పూర్తిగా రాయక, ముందు బొమ్మకూ దీనికీ ఉన్న తేడాను మాత్రమే రాసుకుంటే సరిపోతుంది. ఈ తేడాను రాసే పద్ధతులు కాలక్రమాన మెరుగుపడ్డాయి. వీడియో సీడీలకు ఎంపెగ్-1, డీవీడీలకు ఎంపెగ్-2 వాడారు. 2003లో హెచ్.264, 2013లో హెచ్.265 ప్రమాణాలు వెలువడ్డాయి.

కంప్యూటరుకు కొత్త సాఫ్ట్‌వేరు ద్వారా కొత్త భాషను నేర్పవచ్చు. ప్లేయరులో ఆ పనిని ఒక చిప్ నిర్వహిస్తుంది. తయారైన నాడు దానికి వచ్చిన భాషలే చివరి వరకు వస్తాయి. 2010లో కొన్న ప్లేయరుకు 2013 నాటి హెచ్.265 తెలిసే అవకాశమే లేదు.

లక్షణాన్ని బట్టి కారణం

పెన్ డ్రైవే కనబడకపోతే దోషం వీడియోలో కాక, డ్రైవును ఫార్మాట్ చేసిన పద్ధతిలో ఉండవచ్చు. పాత ప్లేయర్లలో చాలావాటికి ఫ్యాట్32 ఒక్కటే తెలుసు. ఆ పద్ధతిలో ఒక్కొక్క ఫైలు 4 గిగాబైట్లకు లోబడి ఉండాలి. సెకనుకు కోటి బిట్ల లెక్కన గంట వీడియో 4.5 గిగాబైట్లవుతుంది. అది ఫ్యాట్32లో ఇమడదు గనుక పంపేవారు డ్రైవును ఎన్‌.టి.ఎఫ్‌.ఎస్. లేదా ఎక్స్‌ఫ్యాట్ పద్ధతికి మారుస్తారు. ఇక్కడి పాత ప్లేయరు దానిని గుర్తించదు. వీడియోను గంటకు తక్కువ భాగాలుగా విడదీసి ఫ్యాట్32 డ్రైవులో ఎక్కిస్తే ఈ చిక్కు తీరుతుంది.

ఫైలు పేరు కనబడి కూడా తెరుచుకోకపోతే బొమ్మ భాషను అనుమానించాలి. హెచ్.264లోనే 10 బిట్ల రంగుతో గాని, 4కె పరిమాణంలో గాని తయారైనవి పాత చిప్‌లకు అందవు. బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే, ఆ శబ్దం డి.టి.ఎస్. వంటి ప్లేయరుకు తెలియని భాషలో ఉన్నదన్నమాట. తెలుగు ఉపశీర్షికల స్థానంలో గళ్లు కనబడితే ప్లేయరులో తెలుగు లిపి లేదని అర్థం. అప్పుడు ఆ అక్షరాలను బొమ్మలోనే కలిపి కొత్త ప్రతి తీయించుకోవలసి ఉంటుంది.

పాత పెళ్లిళ్ల డీవీడీల సంగతి వేరు. భారతదేశంలో వాడిన పాల్ పద్ధతిలో 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. అమెరికాలోని ఎన్‌.టి.ఎస్‌.సి. పద్ధతిలో 525 గీతలు, సెకనుకు సుమారు 30 బొమ్మలు. అందువల్ల అమెరికాలో అమ్మిన ప్లేయర్లలో చాలావాటికి మన డిస్కులు రుచించవు. బ్రిటన్, గల్ఫ్ దేశాలు, మలేషియాలలో పాల్ పద్ధతే ఉండినందున అక్కడివారికి ఈ బాధ లేదు. దుకాణంలో కొన్న సినిమా డిస్కులకు అదనంగా ప్రాంతపు తాళం కూడా ఉంటుంది: అమెరికాకు 1, భారతదేశానికి 5. ఇక రికార్డింగు ముగిశాక ఫైనలైజ్ చేయకుండా వదలిన డిస్కు, రికార్డు చేసిన యంత్రంలో తప్ప ఇతర ప్లేయర్లలో సాధారణంగా నడవదు.

చికిత్సా క్రమం

మొదట ఫైలును కంప్యూటరులోకి ఎక్కించి, వి.ఎల్‌.సి. అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో తెరిచి చూడాలి. అక్కడ ఆద్యంతం సవ్యంగా నడిస్తే ఫైలు నిర్దోషి. ఇంటిల్లిపాదీ ఆ సాయంత్రమే చూడాలనుకుంటే ల్యాప్‌టాప్‌ను హెచ్‌.డి.ఎం.ఐ. తీగతో టీవీకి కలిపితే చాలు.

శాశ్వత పరిష్కారం కావాలంటే ముందుగా మీడియాఇన్ఫో అనే సాఫ్ట్‌వేరుతో బొమ్మ, శబ్దాల భాషలను తెలుసుకుని, ప్లేయరుతో వచ్చిన పుస్తకంలోని జాబితాతో పోల్చాలి. భాష సరిపోయి కవరు మాత్రమే నచ్చకపోతే ఎఫ్‌.ఎఫ్‌.ఎంపెగ్ సహాయంతో కవరు మార్చవచ్చు. లోపలి ఉత్తరం చెక్కుచెదరదు కనుక బొమ్మ నాణ్యత ఏమాత్రం తగ్గదు, పని కొద్ది నిమిషాలలో ముగుస్తుంది. భాషే తెలియనప్పుడు హ్యాండ్‌బ్రేక్ ద్వారా హెచ్.264 బొమ్మ, ఎ.ఎ.సి. శబ్దం, ఎం.పి.4 కవరు ఎంచుకుని తిరిగి రాయించాలి. రంగు 8 బిట్లకు, పరిమాణం 1920కి 1080కి మించకుండా చూడాలి. ఇది అనువాదం వంటిది. ప్రతి అనువాదంలోనూ మూలంలోని సొగసు కొంత జారిపోతుంది.

అందుచేతనే మూల ప్రతిని ఎన్నడూ చెరపరాదు. ప్లేయరు కోసం తయారుచేసినది చూడటానికి, మూలం దాచడానికి. పెన్ డ్రైవును శాశ్వత భాండారంగా నమ్మక, మూలాన్ని రెండు వేర్వేరు డిస్కులలో, వీలైతే రెండు ఇళ్లలో ఉంచడం మేలు. ఈనాటి ప్లేయర్లు కూడా రేపటి భాషలను చదవలేవు. మూలం ఉన్నంతకాలం ఏ తరం వారైనా తమ కాలపు యంత్రానికి తగిన ప్రతి తీసుకోగలరు. పందిట్లో తాతగారు ఆశీర్వదించిన మాటలను ఆయనను చూడని మనుమలు కూడా వినగలరు.