నిచ్చెన లేని లీగ్

మన దేశంలో ఫుట్‌బాల్‌కు వయసు ఎక్కువ, జాతీయ లీగ్‌కు తక్కువ. డ్యూరాండ్ కప్ 1888లో సిమ్లాలో మొదలైంది. కలకత్తా లీగ్ 1898 నాటిది. దేశంలోని పెద్ద క్లబ్బులన్నీ ఒకే పట్టికలో తలపడే లీగ్ మాత్రం 1996 డిసెంబరుకు గానీ రాలేదు. అంతదాకా కప్పులతోనే నెట్టుకొచ్చాం.

కప్పులో ఓడితే ఇంటికే. పది పదిహేను రోజులు బాగా ఆడితే ట్రోఫీ చేతికొస్తుంది. లీగ్ అలా కాదు. ప్రతి జట్టూ మిగతా జట్లన్నిటితో ఆడాలి, మామూలుగా సొంత ఊళ్లో ఒకసారి, అవతలివాళ్ల ఊళ్లో ఒకసారి. గెలిస్తే 3 పాయింట్లు, డ్రా అయితే 1. నెలల తరబడి నిలకడగా ఆడినవాళ్లదే టైటిల్. ఆ కప్పుల కాలంలోనే హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయి వెళ్లి 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ ఎగరేసుకొచ్చింది. జట్టును తీర్చిదిద్దిన రహీం సాబ్ శిక్షణలోనే భారత్ 1951, 1962 ఆసియా క్రీడల స్వర్ణాలు గెలిచింది. అప్పుడే జాతీయ లీగ్ ఉండి ఉంటే పట్టికలో పైన ఎవరుండేవారో ఊహించడం కష్టం కాదు.

1996లో వచ్చిన నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో తొలి విజేత పంజాబ్‌లోని ఫగ్వారాకు చెందిన జేసీటీ, ఒక బట్టల మిల్లు జట్టు. తర్వాత ఎక్కువగా బెంగాల్, గోవా క్లబ్బులదే రాజ్యం. 2007లో దాన్ని ఐ-లీగ్‌గా మార్చారు. పేరు మారినా జబ్బు మారలేదు. టికెట్ల డబ్బు, టీవీ డబ్బు నామమాత్రం. క్లబ్బు నడవాలంటే యజమాని జేబే దిక్కు. యజమానికి విసుగొస్తే ఆట ఆగిపోతుంది. 2010లో మహీంద్రా యునైటెడ్, 2011లో జేసీటీ మూతపడ్డాయి. రెండూ జాతీయ విజేతలుగా నిలిచిన జట్లే.

ఇక్కడే కథ మలుపు తిరిగింది. ఫుట్‌బాల్ సమాఖ్య 2010లో ఐఎంజీ-రిలయన్స్‌తో 15 ఏళ్లకు 700 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకుంది. దాని ఫలమే 2014లో ఎనిమిది జట్లతో మొదలైన ఇండియన్ సూపర్ లీగ్. సచిన్, గంగూలీ సహ యజమానులు; పేరున్న విదేశీ ఆటగాళ్లు; నిండిన స్టేడియాలు. జనాన్ని మైదానానికి రప్పించింది, కాదనలేం. కానీ అప్పట్లో అందులోకి జట్టు రావాలంటే ఆడి గెలవడం కాదు, డబ్బు కట్టాల్సి వచ్చేది. చివరి స్థానంలో నిలిచినా కిందికి దించేవాళ్లు లేరు.

ప్రపంచంలో చాలా దేశాల్లో లీగ్‌కు నిచ్చెన ఉంటుంది. పట్టిక అడుగున నిలిచిన జట్లు కింది లీగ్‌కు జారతాయి, కింద గెలిచినవి పైకి ఎక్కుతాయి. ఆ నిచ్చెన విలువ ఏమిటో ఐజ్వాల్ చూపించింది. 2015-16లో ఆ మిజోరం జట్టు ఐ-లీగ్ నుంచి జారిపోయింది. గోవా క్లబ్బులు తప్పుకోవడంతో మళ్లీ చోటు దక్కింది. 2017 ఏప్రిల్ 30న షిల్లాంగ్‌లో చివరి మ్యాచ్. డ్రా చేసుకుంటే చాలు. ముందు గోల్ ఇచ్చుకుని, రెండో సగంలో సమం చేసి, ఒక్క పాయింటు తేడాతో మోహన్ బగాన్‌ను వెనక్కి నెట్టి టైటిల్ పట్టుకుపోయింది. అదే ఏడాది సూపర్ లీగ్ రెండు కొత్త జట్లను చేర్చుకుంది: బెంగళూరు, జంషెడ్‌పూర్. బిడ్లు వేసి వచ్చినవి. దేశ విజేత ఐజ్వాల్ బయటే ఉండిపోయింది.

ఆసియా సమాఖ్య జోక్యంతో 2019లో సూపర్ లీగ్‌ను అగ్రశ్రేణిగా గుర్తించి, ఐ-లీగ్ విజేతకు పైకెక్కే దారి వేశారు. 2023లో పంజాబ్, 2024లో మహమ్మడన్ స్పోర్టింగ్ అలా వచ్చాయి. ఆ రెండుసార్లూ రెండో స్థానంలో ఆగిపోయింది మన హైదరాబాద్ క్లబ్బు శ్రీనిధి దక్కన్. పైకెక్కడానికి దారి వేశారు గానీ, కిందికి దించే నిబంధన మాత్రం వాయిదా పడుతూనే వచ్చింది.

దాని పర్యవసానం హైదరాబాద్ ఎఫ్‌సీలో చూడొచ్చు. 2019లో పుణె జట్టు స్థానంలో పుట్టిన క్లబ్బు అది. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో సూపర్ లీగ్ ఫైనల్ 1-1తో పెనాల్టీలకు వెళ్లింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపేశాడు. కేరళ బ్లాస్టర్స్‌పై కప్పు మనదైంది. తర్వాత డబ్బు కరువై, జీతాల బకాయిలు పేరుకుపోయి, ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2023-24లో 22 మ్యాచ్‌లకు ఒకే ఒక్క గెలుపు, అట్టడుగు స్థానం. నిచ్చెన ఉంటే కిందికి జారి, అప్పులు తీర్చుకుని, మళ్లీ ఎక్కే ప్రయత్నం చేసేది. ఇక్కడ అలా కాలేదు. 2025లో దుకాణం మార్చినట్టు ఆ జట్టును ఢిల్లీకి తరలించి, పేరు కూడా మార్చేశారు. గచ్చిబౌలి స్టేడియానికి అగ్రశ్రేణి జట్టు లేకుండా పోయింది.

అదే ఏడాది జులైలో, 2010 నాటి ఒప్పందం గడువు డిసెంబరుతో ముగుస్తుందన్న కారణంతో నిర్వాహకులు సూపర్ లీగ్ కొత్త సీజన్‌నే పక్కన పెట్టారు. వాణిజ్య హక్కుల కోసం సమాఖ్య టెండరు పిలిస్తే, నవంబరులో గడువు ముగిసేసరికి ఒక్క బిడ్డూ రాలేదు.