నీలి తెర పడగానే ఫార్మాట్ కొట్టించకండి

అర్ధ సంవత్సర పరీక్షలకు ఇంకా నాలుగు రోజులే ఉంది. సాంఘికశాస్త్రం ప్రశ్నపత్రం టైపు చేస్తుండగా తెర ఒక్కసారిగా నీలంగా మారుతుంది. ఏడుపు మొహం బొమ్మ ఒకటి, దాని కింద నాలుగు ఇంగ్లిషు ముక్కలు. చదివేలోపే కంప్యూటర్ తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది. పది నిమిషాలకు మళ్లీ అదే తంతు. మెకానిక్‌ను పిలిస్తే అరగంటలో తేల్చేస్తాడు: 'ఫార్మాట్ కొట్టాలి సార్.' సోలాపూర్‌లో మరాఠీలో చెప్పినా, హోసూరులో తమిళంలో చెప్పినా, రాయగడలో ఒడియాలో చెప్పినా మాట మాత్రం ఇదే.

అందులో అబద్ధం లేదు. ఫార్మాట్ చేస్తే చాలాసార్లు నయమవుతుంది కూడా. కానీ మన బడులకు ఆ వైద్యం ఖరీదైనది. రాష్ట్ర భాషా మాధ్యమం బడిలో ఫైలు పోతే పక్క బడికి వెళ్లి తెచ్చుకోవచ్చు. తెలుగు మాధ్యమం బడికి పక్క బడి ఎక్కడో ఉంటుంది. ఏళ్ల తరబడి టీచర్లు సొంతంగా కొట్టుకున్న ప్రశ్నపత్రాలు, నోట్సులే ఆధారం. వాటిలో చాలా భాగం అను ఫాంట్లలోనో, మరో పాత డీటీపీ ఫాంట్‌లోనో ఉంటాయి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగుకు బదులు అర్థంపర్థం లేని ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. తెలుగు రాని మెకానిక్ దాన్ని చూసి ఫైలు పాడైందనుకుని బ్యాకప్ తీయకుండా వదిలేస్తే అతణ్ని తప్పుపట్టలేం.

అందుకే ఫార్మాట్ అనే మాట వినగానే ఒక్క రోజు ఆగండి. నీలి తెర అంటే హార్డ్‌డిస్క్ పోయిందనీ కాదు, కంప్యూటర్ ముసలిదైందనీ కాదు. తరచుగా దాని వెనకుండేది ఒక్క డ్రైవర్.

డ్రైవర్ అంటే దుబాసి

ఇక్కడ డ్రైవర్ అంటే బండి తోలేవాడు కాదు, దుబాసి. ప్రింటర్‌కు, వైఫై కార్డుకు, డిస్‌ప్లే చిప్‌కు విండోస్ భాష నేరుగా అర్థం కాదు. ఒక్కో పరికరానికీ దాని తయారీదారు ఒక చిన్న ప్రోగ్రాం ఇస్తాడు. విండోస్ చెప్పింది పరికరానికి, పరికరం చెప్పింది విండోస్‌కు చేరవేయడమే దాని పని. రెండు భాషల మధ్య బతకడం మన పాఠకులకు కొత్త కాదు కనుక ఇంతకంటే వివరించనక్కర్లేదు.

అసలు తేడా ఆ దుబాసి కూర్చునే చోటులో ఉంది. వర్డ్ లాంటి ప్రోగ్రాం తప్పు చేస్తే అదొక్కటే మూతపడుతుంది, మిగతావి నడుస్తూనే ఉంటాయి. డ్రైవర్లు చాలావరకు విండోస్ నడిబొడ్డున, కెర్నల్ అనే చోట పనిచేస్తాయి. అక్కడున్నవాడు తనది కాని మెమరీని ముట్టుకుంటే, మరింత నష్టం జరగకుండా విండోస్ అన్నిటినీ ఉన్నపళాన ఆపేస్తుంది. మనం చూసే నీలి తెర అదే. 2025లో విండోస్ 11లో దాని రంగును నలుపుకు మార్చారు. రంగు మారినా రోగం అదే.

ఒక్క తప్పు ఎంత దూరం పోగలదో 2024 జులై 19న ప్రపంచమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక అప్‌డేట్ ఫైలులో లోపం ఉంది. ఆ ఫైలును చదివిన ఆ సంస్థ డ్రైవర్ కుప్పకూలింది, దానితోపాటే విండోస్ కూడా. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం దాదాపు 85 లక్షల కంప్యూటర్లు ఆగిపోయాయి. మన విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అంత పెద్ద గండానికి వైద్యం ఏమిటంటే, కంప్యూటర్‌ను సేఫ్ మోడ్‌లో తెరిచి ఆ ఒక్క ఫైలును తీసేయడం. ఫార్మాట్ అక్కర్లేకపోయింది.

ముందు ఫొటో తీయండి

నీలి తెర కనిపించగానే ఫోన్‌తో ఫొటో తీయండి. కింద స్టాప్ కోడ్ అని ఒక మాట ఉంటుంది. కొన్నిసార్లు వాట్ ఫెయిల్డ్ అనే మాట పక్కన ఒక ఫైలు పేరు కూడా ఉంటుంది. నిందితుడి పేరు దాదాపు అదే. ఆ పేరు ఎన్‌వీ అక్షరాలతో మొదలైతే ఎన్‌విడియా డిస్‌ప్లే, ఐజీడీతో అయితే ఇంటెల్ డిస్‌ప్లే, ఆర్‌టీతో అయితే సాధారణంగా రియల్‌టెక్ వారి సౌండ్ లేదా నెట్‌వర్క్ డ్రైవర్. ఎన్‌టీఓఎస్ అని మొదలైతే మాత్రం తొందరపడొద్దు. అది విండోస్ కెర్నల్ సొంత ఫైలు. నేరం జరిగిన ఇంటి చిరునామా అది, నేరస్తుడి పేరు కాదు.

తెర చదివేలోపే మాయమవుతుంటే, సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్, అందులో స్టార్టప్ అండ్ రికవరీ సెట్టింగ్స్ తెరిచి ఆటోమేటికల్లీ రీస్టార్ట్ ఎదురుగా ఉన్న టిక్ తీసేయండి. ఇకపై తెర కదలకుండా నిలబడుతుంది. పాత క్రాష్‌ల చిట్టా కావాలంటే స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ అని వెతకండి. ఏ తేదీన ఏ కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిందో, ఏ తేదీ నుంచి ఎర్ర గుర్తులు మొదలయ్యాయో పక్కపక్కనే కనిపిస్తాయి. కొత్త ప్రింటర్ పెట్టిన మర్నాటి నుంచే ఎర్ర గుర్తులుంటే సగం విచారణ అయిపోయినట్టే.

ప్రతిసారీ వేరే స్టాప్ కోడ్, వేరే ఫైలు పేరు వస్తుంటే డ్రైవర్ కంటే ర్యామ్ మీద అనుమానపడాలి. విండోస్‌లోనే మెమరీ డయాగ్నస్టిక్ అనే పరీక్ష ఉంది, ఓ రాత్రి నడపండి. సుద్దముక్కల దుమ్ము నిండిన ఫ్యాను వల్ల కూడా కంప్యూటర్లు ఆగిపోతాయి. దానికి డ్రైవర్‌ను తిట్టి ప్రయోజనం లేదు.

వెనక్కి వెళ్లడమే మేలు

స్టార్ట్ గుర్తు మీద రైట్ క్లిక్ చేస్తే డివైస్ మేనేజర్ వస్తుంది. పసుపు త్రికోణంలో ఆశ్చర్యార్థకం ఉన్న పరికరం ముందు చూడండి. దాని ప్రాపర్టీస్‌లో కోడ్ 28 అని ఉంటే డ్రైవర్ అసలు ఎక్కలేదని, కోడ్ 10 అని ఉంటే పరికరం మొదలు కాలేకపోతోందని అర్థం. గుర్తు లేకపోయినా, ఫొటోలో దొరికిన పేరు ఏ పరికరానిదో దాని ప్రాపర్టీస్ తెరిచి డ్రైవర్ అనే భాగానికి వెళ్లండి. ఈమధ్యే అప్‌డేట్ అయి ఉంటే రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కండి, పాతది తిరిగి వస్తుంది. ఆ బటన్ మసకగా ఉందంటే వెనక పాత డ్రైవర్ లేదని. అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ చేసి, రీస్టార్ట్ చేసి చూడాలి.

కొత్తది ఎప్పుడూ మంచిదనే నమ్మకం డ్రైవర్ల విషయంలో పనికిరాదు. రెండేళ్లుగా నిక్షేపంగా నడుస్తున్న ల్యాబ్‌లో డ్రైవర్లను అప్‌డేట్ చేయాలన్న తొందర దేనికి?

విండోస్ పూర్తిగా తెరుచుకోకముందే కూలిపోతుంటే, తెరుచుకుంటుండగా పవర్ బటన్ నొక్కి పట్టి రెండు మూడుసార్లు ఆపండి. తర్వాతిసారి రికవరీ తెర తనంతట తానే వస్తుంది. అక్కడ ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ మీదుగా వెళ్లి రీస్టార్ట్ చేసి 4 నొక్కితే సేఫ్ మోడ్. అత్యవసరమైన డ్రైవర్లతో మాత్రమే విండోస్ తెరుచుకునే పద్ధతి ఇది. సేఫ్ మోడ్‌లో గంటసేపు నిలబడి, మామూలుగా తెరిస్తే కూలిపోతోందంటే దోషం డ్రైవర్‌దో, వెంట నడిచే మరేదైనా సాఫ్ట్‌వేర్‌దో. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఈ దారిలో 48 అంకెల బిట్‌లాకర్ కీ అడగవచ్చు. అది సాధారణంగా ల్యాప్‌టాప్‌కు వాడిన మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. హెడ్‌మాస్టరు గారి ఖాతాతో తెరిచిన ల్యాప్‌టాప్ అయితే ఆయన బదిలీ అయ్యేలోపే ఆ కీ కాగితం మీద రాయించుకోండి.

డ్రైవర్ ఎక్కడ తెచ్చుకోవాలి

కంపెనీ కంప్యూటర్ అయితే వెనక అంటించిన సీరియల్ నంబర్‌తో ఆ కంపెనీ సైట్‌లోనే వెతకాలి. అసెంబుల్డ్ అయితే మదర్‌బోర్డు పేరు కావాలి. స్టార్ట్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే బేస్‌బోర్డ్ అన్న చోట ఆ పేరు ఉంటుంది. డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్‌తో అప్‌డేట్ చేస్తామంటూ ఊరించే ఉచిత ప్రోగ్రాముల జోలికి వెళ్లకండి. పరికరానికి సరిపడని డ్రైవర్‌ను, అడగని సాఫ్ట్‌వేర్‌ను ఎక్కించడంలో అవి ఆరితేరాయి. తల్లిదండ్రులకూ ఒక మాట. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి కూలిపోతుంటే, గేమ్ వేగంగా ఆడాలని పిల్లలు ఇలాంటిదేమైనా ఎక్కించారేమో తిట్టకుండా అడగండి. తిడితే చెప్పరు.

నెట్ డ్రైవరే పోతే కొత్త డ్రైవర్ దింపుకోవడానికి నెట్ ఉండదు. అప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే చాలాసార్లు పని జరిగిపోతుంది.

దాతలిచ్చిన పాత కంప్యూటర్లది వేరే గొడవ. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0తో పాటు, ఇంటెల్‌లో అయితే ఇంచుమించు ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి. ఆ నిబంధన దాటవేసి పాత మెషీన్లలో దొడ్డిదారిన విండోస్ 11 ఎక్కించి ఇచ్చేవాళ్లున్నారు. వాటిలోని డిస్‌ప్లే చిప్‌కు, సౌండ్ చిప్‌కు తయారీదారు విండోస్ 11 డ్రైవర్ ఇచ్చాడా అన్నది ముందు అడగండి. లేదంటే వద్దనండి. పిల్లలకు టైపింగు నేర్పడానికైతే లైనక్స్ నయం. చాలా డ్రైవర్లు దానిలోనే వస్తాయి, యూనికోడ్ తెలుగు బాగానే నడుస్తుంది. పాత డీటీపీ ఫైళ్ల పని మాత్రం దానిలో సాగదు.

ఫార్మాట్ తప్పకపోతే

డాక్యుమెంట్లు, డెస్క్‌టాప్‌తో పాటు విండోస్ ఫోల్డర్ లోపలి ఫాంట్స్ ఫోల్డర్‌లో ఉన్న తెలుగు ఫాంట్లనూ పెన్‌డ్రైవ్‌కు ఎక్కించండి. సేఫ్ మోడ్‌లో ఈ పని చేయవచ్చు. అదీ తెరుచుకోకపోతే హార్డ్‌డిస్క్ విప్పి మరో కంప్యూటర్‌కు తగిలించమనండి, మెకానిక్‌కు అది చిన్న పని. కాపీ అయ్యాక మెకానిక్ పక్కన తెలుగు వచ్చినవాళ్లు ఒకరు కూర్చుని, ఆ ఫాంట్లున్న వేరే కంప్యూటర్‌లో నాలుగు ఫైళ్లు తెరిచి చదవాలి. గౌతమి ఫాంట్‌లో కొట్టినవి కొత్త విండోస్‌లో వేరే అక్షరాలతో కనిపిస్తే కంగారు వద్దు. విండోస్ 10 నుంచి గౌతమిని ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ కింద విడిగా ఎక్కించుకోవాలి.

కొన్ని పాత భారతీయ భాషల డీటీపీ సాఫ్ట్‌వేర్లు డాంగిల్ అనే యూఎస్‌బీ ముక్క పెడితేనే తెరుచుకుంటాయి. దానికీ ఒక డ్రైవర్ ఉంటుంది. విండోస్ మార్చినప్పుడు పాత డాంగిల్ డ్రైవర్ కుదరక నీలి తెర పడటం ఉంది. మార్చకముందే ఆ సాఫ్ట్‌వేర్ అమ్మినవారిని కొత్త డ్రైవర్ ఉందా అని అడగండి. లేదంటే ఆ ఒక్క కంప్యూటర్‌ను పాత విండోస్‌తోనే ఉంచి, నెట్ తీసేసి, ప్రశ్నపత్రాలకు మాత్రమే వాడండి. యూడైస్ ప్లస్ నమోదు లాంటివి మరో కంప్యూటర్‌లో చేసుకోవచ్చు.

అంతా సర్దుకున్నాక ప్రింటర్ మళ్లీ పేచీ పెట్టొచ్చు. తెరమీద తెలుగు చక్కగా ఉండి కాగితం మీద డబ్బాలు పడుతుంటే అది ప్రింటర్ డ్రైవర్ ఫాంట్‌ను సరిగా అందుకోకపోవడం వల్ల కావచ్చు. ఫైలును పీడీఎఫ్‌గా మార్చి, అడోబీ రీడర్ ప్రింట్ పెట్టెలో అడ్వాన్స్‌డ్ నొక్కి ప్రింట్ యాజ్ ఇమేజ్ టిక్ చేయండి. పేజీ మొత్తం బొమ్మలా వెళ్తుంది కనుక కాస్త నెమ్మదిగా పడుతుంది, కానీ ఒత్తులు, గుణింతాలు తెరమీద ఉన్నట్టే ఉంటాయి.