ఆ నెత్తురు ఎవరిది?

పుట్టిన రెండో రోజు పసిగుడ్డు కక్కిన పాలలో ఎర్రటి జీర కనిపిస్తే ఇంటిల్లిపాదీ హడలిపోతారు. డాక్టరు ముందుగా తేల్చుకోవాల్సింది మాత్రం ఒకటే: అది బిడ్డ నెత్తురా, తల్లిదా? కాన్పులో బిడ్డ తల్లి రక్తం మింగి ఉండొచ్చు. చనుమొనలు పగిలితే పాలతోపాటు రక్తమూ పోతుంది. అందుకే బిడ్డను చూడ్డానికి వచ్చిన డాక్టరు తల్లి రొమ్మునూ పరీక్షించాలి.

1955లో అమెరికాలో లియొనార్డ్ ఆప్ట్ దీనికో తేలిక పరీక్ష చెప్పాడు. గర్భంలో తయారైన హిమోగ్లోబిన్ క్షారానికి లొంగదు, పెద్దవాళ్లది లొంగుతుంది. నెత్తురు కలిసిన నీటి తేటలో సోడియం హైడ్రాక్సైడ్ వేస్తే తల్లి రక్తం కాసేపట్లో పసుపు, గోధుమ రంగుకు మారుతుంది. బిడ్డదైతే గులాబీ రంగు నిలుస్తుంది. నల్లబడిపోయిన పాత నెత్తురుకు మాత్రం ఇది పనికిరాదు.

బిడ్డదే అని తేలితే? చలాకీగా పాలు తాగుతున్న బిడ్డయితే మొదటి అనుమానం విటమిన్ కె లోపం మీదే. అది మాయ దాటి బిడ్డకు చేరేది బహు తక్కువ; తల్లిపాలలోనూ అంతంతమాత్రమే. అది లేకపోతే రక్తం గడ్డకట్టదు. కొవ్వు లేని మేత తిన్న కోడిపిల్లలు నెత్తురు కారి చనిపోవడం గమనించి ఈ విటమిన్‌ను పట్టుకున్న హెన్రిక్ డామ్‌కు 1943 నోబెల్‌లో వాటా దక్కింది. పుట్టగానే పిల్లకు సూదేమిటని నానమ్మలు గొణగడం సహజమే. కానీ తొడకు వేసే ఆ 1 మిల్లీగ్రాము విటమిన్ కె ఇంజెక్షన్‌ను ఎవరి మాట విన్నా మానకూడదు. ఈ లోపం వల్ల కొన్ని వారాల తర్వాత వచ్చే రక్తస్రావంలో నెత్తురు మెదడులోనే కారొచ్చు. తల్లి మూర్ఛకు ఫెనిటాయిన్ లాంటి మందులు వాడుతుంటే మొదటి రోజే ప్రమాదం. ఆ సంగతి కాన్పుకు ముందే డాక్టరుకు చెప్పాలి.

3 కిలోల బిడ్డ ఒంట్లో ఉండే రక్తం దాదాపు 250 మిల్లీలీటర్లే, ఒక పెద్ద గ్లాసుడు. కాబట్టి కొద్దిగా పోయినా లెక్కే. బిడ్డ పాలిపోతే కారణం తేలేదాకా ఆగకుండా సెలైన్, అవసరమైతే రక్తం ఎక్కిస్తారు.

నెలలు నిండని బిడ్డకు పొట్ట ఉబ్బి, మలంలో నెత్తురు పడితే పేగు గోడ దెబ్బతింటోందేమోనని పాలు ఆపి, ఎక్స్‌రే తీసి, యాంటీబయాటిక్స్ మొదలుపెడతారు. ఏ బిడ్డయినా పసరు రంగు వాంతి చేసుకుంటే పేగు మెలిపడిందనే అనుమానించాలి. రక్తప్రసరణ ఆగిన పేగు గంటల్లో చచ్చిపోతుంది. తెల్లారాక చూద్దామనుకోకుండా, పిల్లల సర్జన్ ఉన్న ఆసుపత్రికి ఆ రాత్రే బయల్దేరాలి.