దావా వేరు... కేసు వేరు!

జిల్లా కోర్టుల్లో జూనియర్ అసిస్టెంట్, ప్రాసెస్ సర్వర్ కొలువులకు లా డిగ్రీ అక్కర్లేదు. కానీ చేరిన రోజు నుంచీ మీ చేతిలో ఉండేవి కోర్టు మాటలే. వాటిని బట్టీ పట్టకండి. ఓసారి అనకాపల్లి బెల్లం మార్కెట్‌ దాకా రండి.

రైతు దిమ్మలు అమ్మాడు, వ్యాపారి డబ్బివ్వలేదు అనుకుందాం. బాకీ కోసం వేసేది సివిల్ దావా. రైతు వాది, వ్యాపారి ప్రతివాది. గెలిస్తే వచ్చేది డిక్రీ. అదే వ్యాపారి మొదటి నుంచీ ఎగ్గొట్టే ఉద్దేశంతోనే సరుకు తీసుకుంటే? అది మోసం, క్రిమినల్ కేసు. అప్పుడతను నిందితుడు, రుజువయ్యాకే దోషి. 'రిమాండ్' అనగానే శిక్ష పడిందనుకునేవాళ్లు మనలో చాలామందే. అది కస్టడీకి పంపడం మాత్రమే.

అసలు తేడా రుజువులో ఉంది. దావాలో ఎవరి మాట ఎక్కువ నమ్మదగ్గదో చూస్తారు. క్రిమినల్ కేసులో సహేతుకమైన సందేహానికి తావుండకూడదు. అందుకే కేసు కొట్టేసినా దావా నెగ్గొచ్చు.

మోసగాణ్ని ఊళ్లో ఇంకా '420' అనే అంటాం. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. మోసం ఇప్పుడు 318వ సెక్షన్. అంతకుముందు జరిగిన నేరాలకు మాత్రం ఐపీసీయే. పాత మెటీరియల్‌తో జాగ్రత్త.

ఇక సమన్లు. దావా పడిందని ప్రతివాదికి తెలిపే కాగితమిది, ప్రాసెస్ సర్వర్ పట్టుకెళ్తాడు. ఆయన ఇంట్లో లేక, త్వరలో దొరికేలా కూడా లేకపోతే, తన తరఫున తీసుకునే ఏజెంటూ లేకపోతే, కలిసి ఉంటున్న కుటుంబంలోని పెద్దవాళ్లకు ఇవ్వొచ్చు. ఆడవాళ్లయినా సరే. పనిమనిషికి ఇస్తే మాత్రం చెల్లదు.