పాత నూలు లేనిదే బొంత లేదు

సంకీర్ణ ప్రభుత్వాన్ని ఎత్తిపొడవాలంటే మన పత్రికలు ‘అతుకుల బొంత’ అంటాయి. నిజానికి ఆ మాట బొంతకే అవమానం. దగ్గర కుట్టుతో కుట్టిన బొంత అయిదేళ్లు నిండాక కూడా పడక మీదే ఉంటుంది.

తిమ్మప్ప గుడి ఉన్న మల్దకల్, కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో ఊరు. ఇలాంటి పల్లెల్లో బొంతకు అసలు సరుకు కట్టి కట్టి మెత్తబడిన నూలు చీరలు. కాస్త గట్టిగా ఉన్నవి పైకీ అడుక్కీ, చిరిగినవీ పాత ధోవతులూ నడుమకు. ముడత లేకుండా నేల మీద పరిచి, కదలకుండా రాళ్లు పెట్టి, అంచు నుంచి లోపలికి దబ్బనంతో కుట్టుకొస్తారు. చిరుగు పడ్డచోట మాసిక.

ఒక్కో పొర విడిగా చూస్తే పీలిక. కుట్లు దగ్గరగా పడితే లాగుడు ఒక్కచోట నిలవదు, పొరలన్నీ పంచుకుంటాయి. నడుమ చిక్కిన గాలి చలిని ఆపుతుంది. కొత్త గుడ్డ వేస్తే ఇంకా బాగుంటుంది కదా అనిపిస్తుంది. ఉండదు. కొత్త నూలు ఉతికితే కుంచించుకుపోతుంది. పాతది ఎప్పుడో కుంచించుకుని కూర్చుంది. రెండూ కలిస్తే మొదటి ఉతుకుకే బొంత ముడుచుకుంటుంది.

జపాన్ ఉత్తరాన అవొమొరి ప్రాంతంలోనూ ఇదే లెక్క, అక్కడ కొరత ఎక్కువ. ఆ చలికి పత్తి పండదు. జనానికి దొరికేది పలుచటి నార బట్ట. పైగా ఆ ప్రాంతాన్ని ఏలిన త్సుగరు ప్రభువులు 1724లో రైతులు నూలు బట్టలు కట్టరాదన్నారు. ఏలేవారికి చలి వేయదు కాబోలు. ఆడవాళ్లు నార నేతలోని సందులను నూలు దారంతో పూడ్చారు. ఆ కుట్టు పేరు కొగిన్. ఒసాకా వైపు నుంచి ఓడల్లో వచ్చిన పాత నూలు గుడ్డముక్కలను డబ్బిచ్చి కొని, మాసిక మీద మాసిక వేసి తరాలపాటు వాడారు. ఆ బట్టలే బోరో. 1891లో అవొమొరికి రైలొచ్చింది, నూలు సులువుగా దొరికింది, కొగిన్ కుట్టే చేతులు తగ్గాయి. తనకా చుజాబురో అనే ఆయన ఊరూరా తిరిగి సేకరించిన బోరోలతో 2009లో టోక్యోలో మ్యూజియం తెరిచారు. ఇప్పుడు ఆ తరహా అతుకుల జీన్స్ ఖరీదు, చిరగని జీన్స్ కంటే ఎక్కువ.

అక్కడ కొగిన్‌ను తగ్గించింది రైలు. ఇక్కడ బొంతను తగ్గించింది పాలిస్టర్ చీర. అది త్వరగా నలగదు, చెమట పీల్చదు, పొరలు పెడితే జారుతుంది. కట్టుకోవడానికి మొదటిది సుగుణమే. బొంతకు ఒక్కటీ పనికిరాదు. ఒంటికి నూలు, అంచుకు పట్టు కలిపి నేసే గద్వాల చీర సంగతంటారా, అది బొంతలోకి రావడం అటుంచి, పెట్టెలోంచి బయటికి రావడమే పెళ్లిళ్లకు.

విచిత్రమేమిటంటే నడిగడ్డ పత్తి విత్తనాల గడ్డ. సాయంత్రం మొగ్గ ఒలిచి, పొద్దున పుప్పొడి అద్ది, క్రాసింగ్ చేసి ఇక్కడి ఆడవాళ్లు తీసే హైబ్రిడ్ విత్తనం ఎక్కడెక్కడి పొలాలకో పోతుంది. చేనంతా పత్తి, దండెం మీద పాలిస్టర్.

కాబట్టి బొంతను బతికించాలనుకునేవారు కుట్టు నేర్పడంతో మొదలుపెడితే లాభం లేదు. ఆ కుట్టు నాలుగు రోజుల్లో వస్తుంది. రోజూ కట్టుకోగల ధరకు నూలు చీర దొరకాలి. దొరికాక కూడా అది మెత్తబడేదాకా కొన్నేళ్లు కట్టాలి. ఆ పనిని ఏ శిక్షణ శిబిరమూ ముందే పూర్తి చేసి ఇవ్వలేదు.