తప్పు బ్యాట్‌మ్యాన్‌దే

1966 జనవరి 12న అమెరికాలో ఏబీసీ చానల్ మొదలుపెట్టిన ‘బ్యాట్‌మ్యాన్’ సీరియల్ పేరెత్తితే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది నవ్వులాటే. గుద్దు పడగానే తెరంతా పరుచుకునే రంగురంగుల అక్షరాలు, బ్యాట్‌మ్యాన్ వేషంలో దొంగల్ని తరుముతూ కూడా నీతులు చెప్పే ఆడమ్ వెస్ట్, ప్రతిదానికీ నోరెళ్లబెట్టే అతని జోడీ రాబిన్. నిర్మాత విలియం డోజియర్ కావాలనే అలా తీయించాడు. హీరో ఎంత గంభీరంగా ఉంటే పెద్దవాళ్లకు అంత నవ్వొస్తుందనేది ఆయన లెక్క. ఆ లెక్క ఫలించింది కానీ, ఆ నవ్వుల్లో ఒక మంచి కథ మరుగున పడింది. అదే ఏడాది ఫిబ్రవరి 2, 3 తేదీల్లో రెండు భాగాలుగా వచ్చిన మిస్టర్ ఫ్రీజ్ కథ అది. విలన్ అలా తయారవడానికి హీరోయే కారణమైతే ఏంటి సంగతి అని, పిల్లలు చూసే కార్యక్రమంలో నిలదీసిన కథ.

ఈ పాత్ర టీవీవాళ్ల సృష్టి కాదు. 1959లో బ్యాట్‌మ్యాన్ కామిక్‌లో మిస్టర్ జీరో అనే పేరుతో వచ్చింది. అందులో అతను మంచు తుపాకీతో ప్రయోగాలు చేస్తూ తన ప్రమాదం తానే కొనితెచ్చుకుంటాడు. చివర్లో వేడి ఆవిరి తగిలి మళ్లీ మామూలు మనిషైపోతాడు. చేసుకున్నవాడికి చేసుకున్నంత అన్నట్టు, ఎవరికీ ఏ బాకీ మిగలదు. టీవీ కోసం మాక్స్ హాడ్జ్ రాసిన కథలో పేరుతోపాటు ఈ లెక్క కూడా మారింది. అరెస్టు చేసే పెనుగులాటలో బ్యాట్‌మ్యాన్ చేతులమీదుగానే గడ్డకట్టించే రసాయనం ఒలికి అతని మీద పడింది. అప్పటినుంచి సున్నాకు 50 డిగ్రీల దిగువన తప్ప అతను బతకలేడు. అది ఫారన్‌హీట్ లెక్క, సెల్సియస్‌లో దాదాపు మైనస్ 46. పగ తీర్చుకోవాలన్న అతని పట్టుదలలో పిచ్చి ఉంది, న్యాయమూ కొంత ఉంది.

ఆ బతుకు ఎలాంటిదో మాటల్లో చెప్పకుండా చూపించింది ఫ్రీజ్ స్థావరం. ఒకే గది, మధ్యలో గోడ ఉండదు. ఫ్రీజ్ ఉన్నచోట నీలం వెలుగు, అది చలి. అనుచరులున్నచోట ఎరుపు వెలుగు, అది వెచ్చదనం. అతను మీట తిప్పితే ఏ చోటైనా రంగు మారిపోతుంది. నీలం ముంచుకొస్తే మామూలు మనిషి బిగుసుకుపోతాడు, ఎరుపు సోకితే అతనికి ప్రాణం మీదికొస్తుంది. రంగుల టీవీలు అప్పుడప్పుడే ఇళ్లలోకి వస్తున్న కాలంలో ఆ రంగు అలంకారం కాదు, కథే. ‘ఆల్ అబౌట్ ఈవ్’కు ఆస్కార్ అందుకున్న జార్జ్ శాండర్స్ ఆ నీలం వెలుగులో నిలబడి, జర్మన్ యాసలో, తొందరేమీ లేకుండా మాట్లాడతాడు. సొంత మనుషులు పక్కనే ఉన్నా ఒకే గాలి పీల్చలేని ఒంటరితనం ఆ గదిలో ఉంది. తర్వాత ఇదే పాత్ర వేసిన ఓటో ప్రెమింజర్, ఎలై వాలక్ ఇద్దరూ గట్టివాళ్లే అయినా, నా మార్కులు శాండర్స్‌కే.

ఇదంతా మరీ పెద్దగా ఊహించుకోవడం కాదా అనొచ్చు. ఆ చలిలో మనిషి ఒంట్లో నీరు గడ్డకట్టి తీరుతుంది, సైన్స్ పరంగా ఇది కాకమ్మ కథే. పైగా బ్యాట్‌మ్యాన్ చివరికి చలిని తట్టుకునేది వెచ్చటి లోదుస్తుల పుణ్యాన! ఒప్పుకుంటాను. అయితే కథలోని సైన్స్ పుస్తకాల్లోని సైన్స్‌తో సరిపోలాలనే నియమం లేదు. తాను పెట్టుకున్న షరతును తాను నిలబెట్టుకుంటే చాలు. ఈ కథ నిలబెట్టుకుంది. ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకోటుంది. ఫ్రీజ్‌కు కన్నీటి కథ వచ్చింది 1992 యానిమేషన్ సీరియల్‌లోని ‘హార్ట్ ఆఫ్ ఐస్’తోనే కదా అంటారు అభిమానులు. జబ్బుపడ్డ భార్య నోరా కథను పాల్ డీని అద్భుతంగా రాశాడు, దానికి డేటైమ్ ఎమ్మీ కూడా వచ్చింది. కాదనను. కానీ అక్కడ ప్రమాదానికి కారకుడు డబ్బుకు కక్కుర్తిపడిన కంపెనీ యజమాని. బ్యాట్‌మ్యాన్‌కు ఏ పాపమూ అంటదు, జాలిపడి ఊరుకుంటే సరిపోతుంది. కన్నీళ్ల విషయంలో 1992 కథ ముందుంది, ధైర్యం విషయంలో 1966 కథే.

సీరియల్ 120 ఎపిసోడ్లు నడిచి 1968 మార్చిలో ఆగిపోయింది. ఆ ఏడాదే కామిక్స్‌లోకి పాత మిస్టర్ జీరో తిరిగొచ్చాడు, టీవీ పెట్టిన మిస్టర్ ఫ్రీజ్ అన్న పేరుతో.