సంఘమునకు నగదు లెక్కించు యంత్రము

ధాన్యము, ప్రత్తి అమ్ముడుపోవు దినములలో ఎరువుల బాకీలును, అప్పుల వాయిదాలును సహకార సంఘమునకు ఒక్కమారుగా వచ్చిపడును. గుమాస్తా వ్రేలు తడుపుకొనుచు దీపాలవేళ వరకు లెక్కించినను, మరునాడు బ్యాంకులో ఒక నోటు దొంగదని తేలవచ్చును. బ్యాంకువారు దానిని తిరిగి ఇయ్యరు. ముద్రవేసి స్వాధీనపరచుకొని, రసీదు మాత్రమిత్తురు. దానికి బదులు సొమ్ము రాదు. ఒకే జమలో అయిదుగాని అంతకు మించిగాని దొరికినచో పోలీసువారికి వెంటనే ఫిర్యాదు పోవును. రిజర్వు బ్యాంకు ఉత్తరువు అట్లున్నది.

యంత్రము కొనదలచిన సంఘము మొదట దాని జాతి తెలిసికొనవలెను. కట్ట విప్పకుండనే లెక్కించునది బ్యాంకులకు తగినది. విడినోట్లు లెక్కించునది చవుక. కాని ఒక్కొక్క విలువ నోట్లను ముందుగా వేరుచేసి పెట్టవలెను. ప్రతినోటు విలువను చదివి మొత్తము రూపాయలు చెప్పునది ఖరీదైనది. దినవసూలు కొద్దియైన సంఘమునకు రెండవది చాలును. విత్తనములు, ఎరువులు అమ్ముచు కలగలుపు నోట్లు పుచ్చుకొనుచోట మూడవదియే మేలని నా అభిప్రాయము.

తమ యంత్రము కొలతనుబట్టి పరాయి నోటును పట్టునని అమ్మువారు చెప్పుదురు. ఇచ్చట జాగ్రత్త వలయును. ఇప్పటి 500 రూపాయల నోటు పొడవు 150 మిల్లీమీటర్లు. 200 నోటు 146. క్రొత్త 100 నోటు 142. వెడల్పు మూడింటికిని 66 మాత్రమే. ఈ యంత్రములలో సాధారణముగా నోటు పొడవైన అంచు ముందుగా పోవును గనుక, వెడల్పు మాత్రమే కొలుచు యంత్రమునకు 500ల కట్టలో దూరిన 100 కనబడదు. 2016 నవంబరులో నోట్లు మారినప్పుడు యంత్రములకును క్రొత్త నోట్లను నేర్పవలసి వచ్చెను. మరల మారినచో ఆ పని ఎవరు చేయుదురో, ఎంత పుచ్చుకొందురో వ్రాయించుకొనుడు. 2000 నోటు 2023 మే నెలలో చెలామణినుండి ఉపసంహరింపబడినది. దానిని గుర్తించునని చెప్పి అధికధర అడిగినచో ఇయ్యనక్కరలేదు.

అతినీలలోహిత దీపముక్రింద సాధారణపు కాగితము తెల్లగా మెరయును. ప్రత్తితో చేసిన మంచి నోటు కాగితము మెరయదు, సంఖ్యలును సన్నని పోగులును మాత్రమే వెలుగును. అయితే చొక్కాజేబులోనుండి చాకిరేవుకు పోయివచ్చిన మంచి నోటు సబ్బుపొడివలన మెరయవచ్చును. కావున ఈ దీపమొక్కటే గల యంత్రమును నమ్మరాదు. అయస్కాంత పరీక్షయు, పరారుణ పరీక్షయు ఉండవలెను. యంత్రము ఆపిన నోటును చేతబట్టి చూడుడు. 500 నోటును వంచినచో భద్రతాదారము ఆకుపచ్చనుండి నీలమునకు మారును. రెండు అంచులయందును అయిదేసి ఉబ్బెత్తు గీతలు వ్రేలికి తగులును.

అమ్మువాడు క్రొత్తనోట్ల కట్టను గిరగిర త్రిప్పి చూపును. అది ఎరువుసొమ్ములు పెట్టుకొని పెండ్లిచూపులకు కూర్చుండుట వంటిది. మన చెమటనోట్లు, మడతనోట్లు నూరు తీసికొనిపోయి మూడుమారులు వేయించుడు. నడుమ 100 నోటొకటి దాచుడు. మూడుమారులును లెక్క ఒక్కటియేనా, 100 దగ్గర ఆగినదా చూడుడు. గిడ్డంగి తవుడు దుమ్ము లోపలి కండ్లను కప్పును గనుక నిత్యము కుంచెతో తుడువవలెను. బాగుచేయువాడు దగ్గరి పట్టణములో లేని యంత్రము ఎంత చవుకైనను వలదు.

దొంగదని తెలిసియు మరియొకరికి అంటగట్టుట నేరము. భారతీయ న్యాయ సంహిత 179వ సెక్షను ప్రకారము యావజ్జీవ ఖైదు వరకు శిక్ష కలదు. అనుమానపు నోటును రసీదు వ్రాయకముందే నిరాకరించి, బ్యాంకులో చూపుమని చెప్పవలెను. ఇందుకై లెక్క కనబడు రెండవ పలకగల యంత్రమునే కొని, ఆ పలకను సొమ్ము కట్టు రైతువైపు త్రిప్పి ఉంచవలెను.